పేగు కోసే ముందు మాతో ఒక్కసారి కూర్చోండి

(తెలుగు రాష్ట్రాల గ్యాస్ట్రో డాక్టర్లకు, జనరల్ సర్జన్లకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన డాక్టర్లకు నమస్కారం.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పేగు జబ్బులు చూసే గ్యాస్ట్రో డాక్టర్లకు, జిల్లా కేంద్రాల్లో వేళ కాని వేళ పేగు మూసుకుపోయి వచ్చే కేసులను చేతిలోకి తీసుకునే జనరల్ సర్జన్లకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. క్రోన్స్ (పేగులో వాపు, పుండ్లు తెచ్చి ఏళ్ల తరబడి వేధించే జబ్బు) ఉన్న కుర్రాడికి అక్కని. వాడి ఫైలు మోసేది, రిపోర్టులు చదివేది, వాడికి వంట వేరుగా చేసేది నేనే. అందుకే ఈ ఉత్తరం కూడా నేనే రాస్తున్నాను.

అడగాలనుకున్నది ముందే చెప్పేస్తాను. క్రోన్స్ వల్ల పేగు సన్నబడిన మనిషి మీ దగ్గరికి వస్తే, ఆ ఇరుకు ఎలాంటిదో, ఎంత పొడవో, ఎన్ని చోట్ల ఉందో ముందు తేల్చండి. మందులు, బెలూన్ ఉబ్బించి ఇరుకును వెడల్పు చేయడం, పేగు తీయకుండానే వెడల్పు చేసే ఆపరేషన్, ముక్క తీసేసే ఆపరేషన్ అని నాలుగు దారులున్నాయి. ఈ మనిషికి వీటిలో ఏది ఎందుకు సరిపోతుందో గ్యాస్ట్రో డాక్టరూ సర్జనూ కలిసి మాట్లాడుకుని, మాకూ తెలుగులో చెప్పండి. కోయక తప్పకపోతే ఎంత తీశారో, ఎంత మిగిలిందో సెంటీమీటర్లలో కాగితం మీద రాసివ్వండి.

మా తమ్ముడికి జబ్బు మొదలైనప్పుడు వాడు డిగ్రీ చదువుతున్నాడు. తిన్న కాసేపటికల్లా బొడ్డు కింద కుడివైపు మెలిపెట్టే నొప్పి, కడుపులో గుడగుడ, తర్వాత వాంతి. వాంతి అయితే కాస్త సుఖం. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అన్నాడు, నొప్పి ఇంజెక్షన్లు చేశాడు. టౌన్‌లో స్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేసి చిన్నపేగు చివర పుండ్లున్నాయన్నారు, టీబీ కోర్సు పెట్టారు. మొదట్లో తేరుకున్నట్టే కనిపించాడు. కోర్సు అయిపోయినా నొప్పి పోలేదని పొడిగించారు, మళ్లీ పొడిగించారు. మధ్యలో ఇంకోసారి స్కోపీ చేసి ఆ పుండు మానిందో లేదో ఎవరూ చూడలేదు. చివరికి ఒక సంక్రాంతి ముందు రాత్రి పేగు పూర్తిగా మూసుకుపోయింది. పొట్ట బిగుసుకుపోయింది, గాలి కూడా కదలడం లేదు. ముక్కులో గొట్టం వేసి, తెల్లారేసరికి ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబెట్టారు. ఆ సర్జన్ గారికి మా ఇంటిల్లిపాదీ ఋణపడి ఉన్నాం. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

కానీ డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ గురించి ఉన్నది ఒకటిన్నర లైను. సన్నబడిన భాగం తీసి, మిగిలింది కలిపి కుట్టామని. ఎంత పొడవు తీశారు, మిగతా పేగులో ఇంకెక్కడైనా ఇరుకు కనిపించిందా, మొత్తం ఎంత మిగిలింది, ఇవేవీ లేవు. తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు నేను మళ్లీ వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. అందులో క్రోన్స్ అని ఉంది. తర్వాత హైదరాబాద్‌లో వాణ్ణి చూసిన డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత పేగు తీశారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అది ఎందుకంత ముఖ్యమో అప్పుడు నాకు తెలియదు. క్రోన్స్ ఆపరేషన్‌తో పోయే జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు ఈ జబ్బును చిన్నపేగు చివరి భాగపు వాపుగా వర్ణించినప్పుడు, ఆ భాగం తీసేస్తే సరిపోతుందన్న ఆశ ఉండేది. అది నిలవలేదు. జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, కుట్టిన చోటే మళ్లీ మొదలు కావచ్చు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇవాళ ఒక ముక్క, ముప్పైలో ఇంకో ముక్క, నలభైలో మరోటి తీస్తూ పోతే చివరికి తిన్నది ఒంటబట్టే పేగే మిగలదు. చిన్నపేగు 200 సెంటీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే నీళ్లు, ఉప్పులు, పోషకాలు నిలవక, కొందరికి నరంలోకి ఆహారం ఎక్కించాల్సిన స్థితి వస్తుంది. ఆ స్థితి రాకుండా చూడాలంటే మొదటి ఆపరేషన్ నుంచే లెక్క ఉండాలి.

టీబీ సంగతి. ఈ విషయంలో మిమ్మల్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. మన దేశంలో చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు, ఇరుకు కనిపిస్తే టీబీ అనుకోవడం సహజం. రెండూ ఒకే చోట వస్తాయి, స్కోపీలో ఒకేలా ఉంటాయి, బయాప్సీలో కూడా చాలాసార్లు తేలదు. పైగా టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే టీబీ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. కాబట్టి అనుమానం తీరనప్పుడు టీబీ మందులతో మొదలుపెట్టడం అర్థం చేసుకోదగ్గదే. మా బాధల్లా తర్వాత జరగాల్సింది జరగకపోవడం. టీబీ అయితే రెండు మూడు నెలల్లో పుండ్లు మానడం స్కోపీలో కనపడాలి. పేషంట్ "కొంచెం బాగుంది సార్" అన్నంత మాత్రాన అది రుజువు కాదు, క్రోన్స్ ఉన్నవాళ్లు కూడా టీబీ మందుల మీద కొన్నాళ్లు మెరుగైనట్టు అనిపిస్తారు. ఇరుకు అలాగే ఉండిపోవడం కూడా రుజువు కాదు, టీబీ మానినా మచ్చ మిగిలి ఇరుకు పోకపోవచ్చు. చూడాల్సింది పుండు. క్రోన్స్ రోగులకు ముందుగా టీబీ కోర్సు ఇచ్చినప్పుడు పేగు సన్నబడే ముప్పు పెరిగిందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు తమ రోగుల రికార్డుల నుంచే చూపించారు. టీబీ మందులు పేగుకు హాని చేశాయని కాదు, ఆ నెలల్లో అసలు జబ్బు తన పని తాను చేసుకుపోయిందని నాకు అర్థమైంది. దయచేసి ఆ రెండో స్కోపీ తేదీ మొదటి రోజే ప్రిస్క్రిప్షన్ మీద రాయండి. పల్లె నుంచి వచ్చేవాళ్లకు తేదీ రాసి ఉంటే వస్తారు, నోటిమాటగా చెబితే మర్చిపోతారు.

ఇక ఇరుకు గురించి. మాలాంటివాళ్లకు మీరు "స్ట్రిక్చర్ ఉంది" అనగానే ఒకటే అర్థమవుతుంది, ఆపరేషన్ అని. నిజానికి అందులో రెండు రకాల సరుకు కలిసి ఉంటుంది. ఒకటి వాపు. రెండోది మచ్చ, చర్మం కాలి మానిన చోట ముడుచుకుని గట్టిపడ్డట్టు పేగు గోడ గట్టిపడిపోవడం. వాపు మందులకు కరుగుతుంది. మచ్చను కరిగించే మందు క్రోన్స్‌లో ఇంతవరకు అందుబాటులోకి రాలేదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఏది ఎంతో అంచనా వేయడమే అసలు పని. సీటీ లేదా ఎంఆర్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగును ప్రత్యేకంగా చూసే స్కాన్), తెలిసిన చేతుల్లో పేగు అల్ట్రాసౌండ్, మలంలో కాల్‌ప్రొటెక్టిన్, రక్తంలో సీఆర్‌పీ (ఈ రెండూ వాపును పట్టిచ్చే పరీక్షలు) కలిపి చూస్తే బొమ్మ చాలావరకు తేటపడుతుంది. ఇరుకుకు పైనున్న పేగు 3 సెంటీమీటర్లు దాటి ఉబ్బిందా, పక్కన చీముగడ్డ ఉందా, పేగు పక్క అవయవంలోకి దారి చేసుకుందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. ప్లెయిన్ సీటీ ఒక్కటి తీసి "సబ్ అక్యూట్ ఆబ్‌స్ట్రక్షన్" (పేగు కొంత మూసుకుపోయింది) అని రాసి పంపే రిపోర్టులతో మా ఫైలు నిండిపోయింది. ఎమర్జెన్సీలో అదే సాధ్యం, ఒప్పుకుంటాను. నొప్పి తగ్గి ఇంటికి పంపే రోజైనా, రెండు వారాల్లో ఈ స్కాన్ తీయించుకురమ్మని చెప్పొచ్చు కదా. ఆ రెండు ఎమర్జెన్సీల మధ్య ఉన్న ప్రశాంతమైన రోజులే మాకు దొరికే అవకాశం. అవి చేజారిపోతున్నాయి.

ఇంకో చిన్న మాట, ఇక్కడే చెప్పాలి. ఇరుకు అనుమానం ఉన్న మనిషికి క్యాప్సూల్ కెమెరా మింగించే ముందు దారి ఉందో లేదో చూడండి. అది ఇరుకులో చిక్కుకుంటే పరీక్ష కోసం వెళ్లినవాడు ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వస్తుంది.

మందులతో ఇరుకు తగ్గదని చాలాచోట్ల కొట్టిపారేస్తున్నారు. అందరికీ తగ్గదు, నిజమే. కానీ ఫ్రాన్స్‌లో చిన్నపేగు సన్నబడి ఇబ్బంది పడుతున్న 97 మందికి పేగు వాపు తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే, 24 వారాల నాటికి దాదాపు మూడింట రెండు వంతుల మంది వేరే చికిత్స అవసరం పడకుండా గట్టెక్కారు. నాలుగేళ్లకు మొత్తంలో సగం మందికి ఆపరేషన్ అవసరం రాలేదు. క్రియోల్ అనే ఈ పరిశీలన 2018లో వచ్చింది. ఆస్ట్రేలియాలో చేసిన స్ట్రైడెంట్ ట్రయల్‌లో 77 మంది ఉన్నారు. ఎక్కువ మోతాదు అడాలిముమాబ్‌కు ఇంకో మందు జోడించినవాళ్లలో 79 శాతం, మామూలు మోతాదువాళ్లలో 64 శాతం మందికి అడ్డుపడే లక్షణాలు తగ్గాయి. ఎవరికి పనిచేస్తుందో కూడా కొంత ముందే ఊహించవచ్చు. లక్షణాలు మొదలై ఎక్కువ కాలం కానివాళ్లు, ఇరుకు మరీ పొడవు లేనివాళ్లు, పైపేగు మరీ ఉబ్బనివాళ్లు లాభపడే అవకాశం ఎక్కువ. అంటే ఇది ఆలస్యం చేయకూడని నిర్ణయం. మన దగ్గర ఈ ఇంజెక్షన్లు పెట్టే ముందు దాగి ఉన్న టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) లేదా రక్తపరీక్ష తప్పనిసరిగా చేయాలన్నది మీకు చెప్పేంతదాన్ని కాదు, కానీ అది ఎందుకో మాకు చెప్పండి. చెప్పకపోతే "మళ్లీ టీబీయా?" అని ఇంట్లో అందరికీ టెన్షన్.

బెలూన్ గురించి నేను మొదట విన్నది డాక్టర్ దగ్గర కాదు, వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఇంకో పేషంట్ తండ్రి దగ్గర. ఇది ఇలా ఉండకూడదు. కుట్టిన చోట మళ్లీ సన్నబడిన మా తమ్ముడికి సరిగ్గా పనికొచ్చింది అదే. స్కోపీ గొట్టం ద్వారా ఇరుకు దాకా వెళ్లి, బెలూన్‌ను మెల్లగా ఉబ్బించి వెడల్పు చేస్తారు, మెల్లమెల్లగా 18 మిల్లీమీటర్లు, అవసరమైతే 20 దాకా. దీనికి షరతులున్నాయి. ఇరుకు దాదాపు 5 సెంటీమీటర్లు మించకూడదు, తిన్నగా ఉండాలి, స్కోపీకి అందాలి, పక్కన చీముగడ్డ గానీ ఫిస్టులా (పక్క అవయవంలోకి పడ్డ దారి) గానీ ఉండకూడదు, క్యాన్సర్ అనుమానం ఉండకూడదు. పెద్దపేగులో ఇరుకైతే బయాప్సీలు తీయకుండా బెలూన్ జోలికి పోకూడదు. 1,463 మంది రోగుల మీద చేసిన 3,213 బెలూన్ చికిత్సలను 2017లో ఒకచోట చేర్చి చూశారు. పది మందిలో దాదాపు తొమ్మిది మందికి ఇరుకు తెరుచుకుంది. పేగుకు చిల్లు పడటం, రక్తస్రావం లాంటి పెద్ద ఇబ్బందులు 100 చికిత్సల్లో 3 లోపే. అయితే రెండేళ్లలో నాలుగింట మూడు వంతుల మందికి మళ్లీ బెలూన్ కావాల్సి వచ్చింది, పదిమందిలో నలుగురికి పైగా ఆపరేషన్ దాకా వెళ్లారు. ఈ రెండో సగం కూడా మాకు చెప్పాలి. "ఒకసారి చేస్తే అయిపోతుంది" అని చేయించుకున్నవాడు మళ్లీ నొప్పి రాగానే మోసపోయాననుకుంటాడు, డాక్టర్‌ను మార్చేస్తాడు, ఫైలు మొదటికొస్తుంది. ముందే తెలిసినవాడు ఇంకో బెలూన్‌కు ప్రశాంతంగా వస్తాడు. బెలూన్ బదులు లోహపు స్టెంట్ పెడితే మేలా అని స్పెయిన్‌లో పోల్చి చూస్తే, ఏడాదికి బెలూన్‌వాళ్లలో 80 శాతం, స్టెంట్‌వాళ్లలో 51 శాతం మంది మరో చికిత్స అవసరం లేకుండా ఉన్నారు. బెలూనే నెగ్గింది.

ఇప్పుడు సర్జన్లకు ప్రత్యేకంగా ఒక సంగతి. పేగు ముక్క తీయకుండా, సన్నబడిన చోట నిలువుగా కోసి అడ్డంగా కుట్టి వెడల్పు చేసే స్ట్రిక్చరోప్లాస్టీ మన దేశం ప్రపంచానికి ఇచ్చిన పద్ధతుల్లో ఒకటి. పేగు టీబీతో అనేకచోట్ల ఇరుకులు పడ్డ రోగులకు కటారియా, ఆయన సహచరులు ఈ పని చేసి, 1977లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాశారు. ఆ బృందంలో రావు ఇంటిపేరుతో ఇద్దరు డాక్టర్లున్నారు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లీ, పాపయోవాన్ను క్రోన్స్ రోగులకు దీన్ని వాడి చూపించారు. అంతకు ముందు జబ్బున్న పేగుకు కుట్టు వేస్తే నిలవదని భయం ఉండేది. నిలుస్తుందని తెలిసింది టీబీ రోగుల వల్ల. 10 సెంటీమీటర్ల లోపు ఇరుకులకు ఈ మామూలు పద్ధతి, అంతకన్నా పొడవైనవాటికి ఫిన్నీ పద్ధతి, వరసగా చాలా ఇరుకులున్న పొడుగాటి పేగుకు 1996లో మికెలాస్సీ వివరించిన పద్ధతి ఉన్నాయి. ఒకే ఆపరేషన్‌లో ఒకచోట ముక్క తీసి, మరో రెండు మూడు చోట్ల ఇలా వెడల్పు చేయవచ్చు కూడా. మన గడ్డ మీద పుట్టిన ఈ పని, మన జిల్లాల్లో క్రోన్స్ రోగికి ఎంపికగానైనా వినపడకపోవడం నాకు చాలా బాధగా ఉంది. మీలో చాలామంది టీబీ ఇరుకులకు దీన్ని చేసే ఉంటారు. ఆ చేయి క్రోన్స్ రోగికీ అందనివ్వండి. ఎవరికైనా చేయడం కుదరని సందర్భాలున్నాయి, చిల్లు పడ్డప్పుడు, చీము ఉన్నప్పుడు, మనిషి బాగా చిక్కిపోయి ఉన్నప్పుడు. అవి కానప్పుడు ఆలోచించండి.

ముక్క తీయడమే మంచిదయ్యే రోజులూ ఉన్నాయి. మందులకు లొంగని, గట్టిపడిపోయిన, చిన్నపేగు చివరి పొట్టి ఇరుకు ఉన్న కుర్రాడికి ఒక చక్కటి ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ ఏళ్ల తరబడి సుఖాన్నిస్తుంది. ఆపరేషన్ అంటే ఓటమి అని మేము అనుకోవడం లేదు, మీరూ చివరిదాకా లాగి లాగి ఎమర్జెన్సీలో చేయకండి. ముందే అనుకుని చేసే ఆపరేషన్‌కు మనిషిని సిద్ధం చేయవచ్చు. కొన్ని వారాలు పోషకాహార ద్రవాలతో బరువు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పెంచవచ్చు, స్టెరాయిడ్ తగ్గించవచ్చు, చీముగడ్డ ఉంటే సూదితో తీసేయవచ్చు. అప్పుడు పొట్ట మీద మలం బ్యాగ్ పెట్టాల్సిన అవసరం, కుట్లు వదిలే ముప్పు తగ్గుతాయి. ఇక ఎంత తీయాలి? జబ్బు మళ్లీ రాకుండా ఉండాలని ఆరోగ్యంగా ఉన్న పేగును కూడా బాగా కలుపుకుని తీసే అలవాటు పాతది. 1996లో క్లీవ్‌లాండ్‌లో ఫాజియో బృందం జబ్బు అంచు నుంచి 2 సెంటీమీటర్లు వదిలి కోసినవాళ్లను, 12 సెంటీమీటర్లు వదిలి కోసినవాళ్లను పోల్చి చూసింది. జబ్బు తిరిగి రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ 10 సెంటీమీటర్లు మా వాళ్ల ఒంట్లోనే ఉండనివ్వండి.

ఆపరేషన్ అయిన తర్వాత ఆరు నెలలకు స్కోపీ చేసి, పుండ్లు మళ్లీ మొదలైతే మందు పెంచడం వల్ల మేలు జరిగిందని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన పోసర్ ట్రయల్ చెప్పింది. నొప్పి వచ్చేదాకా ఆగితే అప్పటికే మళ్లీ ఇరుకు పడుతుంది. సిగరెట్ తాగేవాడికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, ఆ ఒక్క మాట మీ నోటి నుంచి గట్టిగా వస్తే మా నోటి నుంచి వంద సార్లు వచ్చినదానికన్నా పనిచేస్తుంది. చిన్నపేగు చివరి భాగం పోయినవాళ్లకు బీ12 ఒంటబట్టదు, ఇంజెక్షన్లు కావాలి. మా తమ్ముడికి కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయని వేరే సమస్యకు వెళ్లినప్పుడు గానీ అది బయటపడలేదు.

తిండి గురించి మీరు రెండు నిమిషాలు ఇవ్వగలిగితే మాకు కొండంత. ఆసుపత్రిలో మాకిచ్చిన అచ్చు కాగితంలో పీచు ఎక్కువగా తినమని ఉంది. అది షుగర్ ఉన్నవాళ్లకో, మలబద్ధకం ఉన్నవాళ్లకో రాసిన కాగితం. ఇరుకున్న పేగుకు ములక్కాడ పిప్పి, పనస తొన, పచ్చికొబ్బరి, మొక్కజొన్న, చెరుకు, పొర తీయని బత్తాయి తొనలు, గోంగూర కాడలు ఉండలా చుట్టుకుని అడ్డంపడతాయి. పెళ్లి భోజనంలో ఆవకాయ టెంక ముక్క చీకుతూ పొరపాటున మింగిన రోజు మేం రాత్రంతా కూర్చున్నాం. ఇప్పుడు వాడికి మెత్తగా ఉడికించిన అన్నం, పప్పుకట్టు, చారు, తొక్క గింజలు తీసిన సొరకాయ, బీరకాయ, మెత్తటి చేప, గుడ్డు, వడకట్టిన బత్తాయి రసం, పెరుగు సరిపడితే పెరుగు. ఇవన్నీ తిని చూసి, దెబ్బతిని నేర్చుకున్నాం. మన వంటలతో ఒక పేజీ తెలుగులో మీరు ముద్రించి ఇస్తే కొత్తగా జబ్బు బయటపడిన కుటుంబానికి ఆ దెబ్బలు తప్పుతాయి. బెలూన్‌తో దారి తెరుచుకున్నాక, వాపు తగ్గాక మళ్లీ ఏవి తినవచ్చో కూడా అందులో ఉండాలి. భయంతో జీవితాంతం గంజి తాగి ఎండిపోయేవాళ్లున్నారు. ఆ పేజీలోనే నొప్పి మాత్రల సంగతీ రాయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి పేగులో పుండ్లు చేయగలవు, ఇరుకులు కూడా తేగలవు. మన ఊళ్లలో కాలు నొప్పికైనా పన్ను నొప్పికైనా చేతిలో పెట్టేవి అవే.

ఇది పట్నం జబ్బని, డబ్బున్నవాళ్ల జబ్బని ఇంకా అనేవాళ్లున్నారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు తెలంగాణ పల్లెలకు స్కోపీ బస్సు తీసుకెళ్లి చూసినప్పుడు ఈ కోవ పేగు జబ్బులు అక్కడా పట్నంతో పోల్చదగ్గ స్థాయిలోనే కనిపించాయి. అందువల్ల జిల్లా ఆసుపత్రి సర్జన్‌కు, మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన పీజీకి ఈ విషయం ముట్టాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో డాక్టర్లందరూ ఒక గదిలో కూర్చుని కేసు మాట్లాడుకుంటారు. జిల్లాలో ఉన్న సర్జన్‌కు ఆ గది లేదు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లాంటి చోట్ల పనిచేసే మీ తోటివాళ్లు వారానికి ఒక గంట వీడియో కాల్‌లో స్కాన్‌లు చూసి సలహా ఇచ్చే ఏర్పాటు చేసుకుంటే అది మీ మధ్య జరిగే పనే, జీవో అక్కర్లేదు. ఎమర్జెన్సీ కాని ఏ క్రోన్స్ ఇరుకూ ఆ గంట దాటకుండా ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లకూడదని ఒక కట్టుబాటు పెట్టుకోండి.

ఖర్చు మాట రాకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ (అసలు మందుకు దగ్గరి నకలు) 2014 డిసెంబర్‌లో మన దేశపు కంపెనీ జైడస్ తెచ్చింది. ధర బాగా దిగింది. అయినా నెల నెలా కొనుక్కోవడం కూలీ చేసుకునే ఇంటికి అయ్యే పని కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ దాని తర్వాత రూపాలు గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం చుట్టూ అల్లుకున్నవి. దాంతో ఇంజెక్షన్‌కు డబ్బుల్లేక ఆపిన మనిషి, పేగు మూసుకుపోయాక ఉచితంగా ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. ఇది మీ కళ్ల ముందే జరుగుతోంది. ఇరుకు పడుతున్న క్రోన్స్ రోగులకు అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు, ఎంఆర్ ఎంటెరోగ్రఫీ, బెలూన్ చికిత్స, ఆపరేషన్ తర్వాతి ఆరు నెలల స్కోపీ ఓపీలోనే పథకం కింద ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనూ అడగాలనుకుంటున్నాం. అర్జీ రాసేది, కాగితాలు సేకరించేది, సెక్రటేరియట్ చుట్టూ తిరిగేది మేమే చేస్తాం. ఏ రోగికి ఇవి అవసరమో, ఎవరికి అక్కర్లేదో తేల్చే నిబంధనలు మాత్రం మీరే రాయాలి, కింద మీ సంతకాలు పెట్టాలి. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందే అది చేతికొస్తే ఆరోగ్యశాఖలకు ఇస్తాం.

ఇట్లు,
క్రోన్స్ ఉన్న ఒక తమ్ముడి అక్క